ఆ పట్టీలో సగం కొట్టెయ్యమ్మా

అమ్మాయీ,

సంక్రాంతి సెలవులకి కోవూరు వస్తున్నామనీ, ఈసారి పిల్లలకి శేషాచలం అడవి చూపించాలనుకుంటున్నామనీ నువ్వు రాస్తే మీ అత్తా నేనూ చాలా సంతోషపడ్డాం. దాని వెనకే నువ్వు పంపిన పట్టీ కూడా కళ్లజోడు పెట్టుకుని చదివాను. రెండున్నర రోజుల్లో తలకోన, తిరుమల దర్శనం, పాపవినాశనం, శిలాతోరణం, జూ, చంద్రగిరి కోట, కాళహస్తి, తిరుగు దారిలో నేలపట్టు, పులికాట్, చివరికి మైపాడు సముద్రం. ఒక్కోదానికి ఎదురుగా గంటలూ నిమిషాలూ. పెళ్లి భోజనంలో కూరలన్నీ కలిపి ఒకే ముద్ద చేసినట్టుంది. తలకోనకి గంటన్నర ఇచ్చావు. బండి నిలిపి, టికెట్టు తీసుకుని, చిన్నోడికి బూట్లు తొడిగి, కోతుల భయానికి సంచులు సర్దుకుని, మీ అమ్మని మెల్లగా నడిపించేసరికి ఆ గంటన్నరా అయిపోతుంది.

ఆ పట్టీలో సగం కొట్టెయ్. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక మిగతా సగంలో ఇంకో ఒకటో రెండో కొట్టేస్తే మరీ మంచిది.

కోప్పడుతున్నానని అనుకోవద్దు. సెలవు దొరకడమే గగనం, దొరికిన నాలుగు రోజుల్లో ఏదీ వదులుకోబుద్ధి కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయితే గుడి గానీ కోట గానీ నువ్వు ఎప్పుడు పోయినా అక్కడే ఉంటుంది. అడవి అట్టా ఉండదు. పొద్దున ఆరింటికి ఉన్న అడవి పదకొండింటికి ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ దుప్పులు నీడకి జారుకుంటాయి, పిట్టలు అరవడం మానేస్తాయి, వాటి బదులు మనుషులు అరవడం మొదలవుతుంది. కాబట్టి ఎక్కడెక్కడికి పోవాలో రాసుకునే ముందు, ఏ పొద్దుకి ఎక్కడ ఉండాలో రాసుకో. నేను చెప్పదలుచుకున్నది అసలు ఇంతే. మిగతాదంతా దీన్ని ఆచరణలో పెట్టడం గురించి.

అమెరికాలో మన పిల్లలు ఎల్లోస్టోన్ పోవాలంటే నెలల ముందే గది పట్టుకుంటారు. అక్కడ వేడినీటి బుగ్గ ఏ వేళకి పైకి చిమ్ముతుందో రాసిపెడతారు, ఆ వేళకి ముందే పోయి బల్లల మీద కూర్చుని ఎదురుచూస్తారు. 1872 నుంచి జాతీయ పార్కుగా ఉన్న చోటది, లోకంలోకెల్లా మొదటిదంటారు. మన పక్కనున్న అడవికి మాత్రం పొద్దెక్కాక టిఫిన్ తిని, దారిలో కాఫీకి ఆగి, మిట్టమధ్యాహ్నానికి చేరతాం. చేరి, ఇక్కడ ఏం లేదే అంటాం.

మీరు పోయేది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. 1989లో ప్రకటించారు, సుమారు 353 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్న శేషాచలం కొండలన్నిటినీ కలిపి 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతం అన్నారు. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఆ అడవి అంచుల్లోంచే కొండెక్కుతున్నావు. నీ పుట్టువెంట్రుకలు తీయించిన రోజు కూడా ఆ చెట్ల మధ్యనుంచే పోయాం. ఒక్కసారైనా బస్సు కిటికీలోంచి ఆ చెట్టు పేరేంది అని అడిగావా? నువ్వే కాదులే, మన నెల్లూరు వాళ్లం ఎవరం అడగలేదు. గోవిందా అని కళ్లు మూసుకుంటే మళ్లీ క్యూ కాంప్లెక్స్ దగ్గర తెరిచే జాతి మనది.

పిల్లలకి బయల్దేరే ముందు ఒక కథ చెప్పు. 1840ల్లో నెల్లూరులో జెర్డన్ అని ఒక దొర సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆయనకి వైద్యంతో పాటు పిట్టల పిచ్చి. మన యానాదుల దగ్గర అడవి సంగతులు అడిగి తెలుసుకున్నాడు, పిట్టలకి తెలుగులో ఏమంటారో రాసుకున్నాడు. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. ఇక లేదు, అంతరించిపోయింది అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో, లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట, మీకు కనబడదు, మీరు పోయేది ఆ చోటికీ కాదు. అయినా చెప్పు. ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనబడకుండా ఒక పిట్ట మన పక్క కొండల్లోనే బతికిందంటే పెద్దది నోరు తెరుచుకుని వింటుంది. ఇక అడవిలో ఏమీ కనబడకపోయినా, లేదు అనదు.

ఇప్పుడు అసలు పని. మొదటి రోజు అడవి పెట్టుకోవద్దు. కోవూరు నుంచి పెన్న దాటి నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, కాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. మీరు ముందురోజే బెంగళూరు నుంచి వచ్చి అలిసిపోయి ఉంటారు. కాబట్టి ఇంట్లో తీరిగ్గా టిఫిన్ తిని బయల్దేరండి, మధ్యాహ్నానికి తిరుపతి చేరి గదిలో పడుకోండి. కాళహస్తిలో దర్శనం చేసుకుంటామంటే చేసుకోండి, దారిలోదే. చంద్రగిరి కోట సాయంత్రం పోవచ్చు, ఊరికి దగ్గరే. పోకపోయినా ఏమీ అనుకోను. రాత్రి తొమ్మిదింటికల్లా పిల్లలు నిద్రపోవాలి, అది ముఖ్యం.

రెండో రోజు పూర్తిగా తలకోనది. ఇంకేదీ కలపొద్దు.

తిరుపతి నుంచి చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా దారి. అరవై కిలోమీటర్ల లోపే, కానీ ఘాట్ ఉంది కాబట్టి దూరాన్ని బట్టి సమయం లెక్కకట్టొద్దు. 2022 మార్చిలో ఆ భాకరాపేట ఘాట్‌లోనే రాత్రివేళ పెళ్లివాళ్ల బస్సు లోయలో పడింది. అందుకని చీకట్లో ఆ మలుపులు వద్దు. తెల్లవారుజామున వెలుగు రేఖ కనబడగానే బయల్దేరితే ఘాట్‌కి వచ్చేసరికి దారి తేటగా కనబడుతుంది, సాయంత్రం నాలుగింటిలోపే వెనక్కి తిరిగితే మళ్లీ వెలుగులోనే దాటతారు. అల్లుడికి వేగం ఎక్కువని మీ అమ్మ చెప్పింది. ఈ పేరా ఆయనకి చదివి వినిపించు. ముందుగా గది దొరికితే తలకోనలోనే ఒక రాత్రి ఉండడం అన్నిటికన్నా మేలు. అటవీశాఖ, నెరబైలు వన సంరక్షణ సమితి వాళ్ల ఏర్పాట్లు అక్కడ ఉన్నాయి. గది దొరికేదీ లేనిదీ ఫోన్ చేసి గట్టిగా కనుక్కున్నాకే నమ్ము. అక్కడ ఉండగలిగితే తెల్లారి అడవిని మంచం మీంచే వినొచ్చు.

జలపాతం ఎత్తు 270 అడుగులంటారు, రాష్ట్రంలో అంత ఎత్తునించి పడేది ఇంకోటి లేదు. మనకి వానలు ఈశాన్య రుతుపవనాల్లో కదా పడేది, అందువల్ల అక్టోబరు నుంచి జనవరి దాకా నీళ్లు బాగుంటాయి. ఎండాకాలంలో పోయినవాళ్లు సన్నటి ధార చూసి పెదవి విరుస్తారు. మీరు సంక్రాంతికి పోతున్నారు, సమయం మంచిదే. మీ పట్టీ మొత్తంలో ఈ ఒక్క విషయంలో నేను వంక పెట్టలేను.

ముందు సిద్ధేశ్వరస్వామి గుడి వస్తుంది. మీ అమ్మకి మోకాళ్ల నొప్పి. గుడి దాకా వచ్చి అక్కడ చెట్టు నీడన కూర్చుంటుంది, కూర్చోనివ్వండి. పైదాకా రమ్మని మొహమాటపెట్టొద్దు, అట్టాగని ఒంటరిగా వదిలెయ్యొద్దు. నువ్వూ అల్లుడూ వంతులేసుకోండి. ఒకరు పిల్లలతో పైకి పోతే ఇంకొకరు ఆమె దగ్గర. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని పోయేటప్పుడు ఇదొక్కటి ముందే తేల్చుకోకపోతే అక్కడ దారిలో నిలబడి గొడవ పడాల్సి వస్తుంది. ఎందరి కాపురాల్లోనో చూశాను.

జలపాతానికి పోయే దారే అసలు చూడాల్సింది. జనం అక్కడ తలొంచుకుని గబగబా పోతారు, నీళ్ల చప్పుడు వినబడుతోందని. మీరు పోవద్దు. ఆ దారిలో గిల్లతీగ అని ఒకటుంది. తీగ అన్న మాటే గానీ మాను లావుంటుంది, చెట్టుమీంచి చెట్టుమీదికి పాకి ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియదు. దాని కాయలు చిన్నోడి చెయ్యంత పొడవుంటాయి. తీగ మొదలు ఎక్కడుందో వెతకమని పిల్లలకి పని పెట్టు. అరగంట గడిచిపోతుంది, నీకు తెలియకుండానే ఇరవై రకాల చెట్లు చూసేస్తారు.

పైకొమ్మల్లో బెట్టుడుత ఉంటుంది. మన పెరటి ఉడతని చూసిన కళ్లతో వెతికితే దొరకదు, తోకతో కలిపి మూడడుగులు ఉంటుంది, ఒళ్లు ముదురు ఎరుపు. కొమ్మ ఊగితే పైకి చూడమను. తడి బండల సందుల్లో బంగారు బల్లి ఉంటుంది. నీళ్ల పక్కన, చీకటి రాళ్ల నెర్రెల్లో బతికే జీవి అది, మగది పసుపు రంగులో మెరుస్తుంది. రాళ్లు తిరగేసి వెతకొద్దు, నెర్రెలోకి చెయ్యి అసలే పెట్టొద్దు, పాములుంటాయి. దూరం నుంచి టార్చి వేసి చూస్తే చాలు. పసుపు గొంతు పికిలి పిట్ట అని ఒకటి, ఇట్టాంటి రాతి కొండల్లో మాత్రమే కనబడేది, దానికోసం ఎక్కడెక్కడి నుంచో పిట్టల్ని చూసేవాళ్లు వస్తారు. దేవాంగపిల్లి రాత్రి తిరిగేది, కనబడదు. పేరు మాత్రం చెప్పు, బొమ్మ చూపించు. గుండ్రటి కళ్ల ఆ జంతువుని చేతబడికి పనికొస్తుందని చెప్పి పట్టి చంపేవాళ్లు, ఆ సంగతి పెద్దదానికి చెప్పొచ్చు, చిన్నోడికి ఇప్పుడే వద్దు.

పులి కోసం పోయే అడవి కాదిది, అది ముందే చెప్పి తీసుకుపో. ఒకప్పుడు ఇక్కడ పులి ఉండేది. వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో వచ్చిన తన పుస్తకంలో చామల లోయ నరభక్షక పులి గురించి రాశాడు. ఆ చామల లోయ మీరు పోయే ఈ భాకరాపేట వైపు అడవే. అల్లుడికి చదివే అలవాటుంది కాబట్టి ముందే తెప్పించుకోమను, నాగపట్ల, మామండూరు అని ఊళ్ల పేర్లు వస్తుంటే దారి మారిపోతుంది.

ఎర్రచందనం చెట్టు ఒకటి చూపించి తాకనివ్వు. నల్లటి బెరడు నలుపలకలుగా పగిలి ఉంటుంది. లోకం మొత్తంలో ఈ తూర్పుకనుమల దక్షిణపు కొసలోనే సహజంగా పెరిగే చెట్టది. దానికోసమే అడవిలో దొంగలూ పోలీసులూ తిరిగేది. కాబట్టి దారి తప్పి లోపలికి పోవడం, అక్కడేదో కాలిబాట ఉంది చూద్దాం అనడం వద్దే వద్దు. బయట ఎవడైనా అసలైన ఎర్రచందనం బొమ్మ అని గుడ్డలో చుట్టి చూపిస్తే దాని ధర కూడా అడగొద్దు.

పిల్లలు అడవిలో ఏం చేస్తారు అని నీకు భయం. ఆ భయంతోనే పట్టీలో అన్ని ఊళ్లు పెట్టావు. వాళ్లకి చెరొక పుస్తకం, పెన్సిలు ఇవ్వు. ఒకచోట కూర్చోబెట్టి పావుగంటలో ఎన్ని రకాల చప్పుళ్లు వినబడ్డాయో రాయమను. పేర్లు తెలియకపోతే తెలియనట్టే రాయమను, టకటక, కుయ్యి, సర్రు అని. నీళ్ల ఒడ్డున ఇసకలో కాలిజాడలు వెతకమను, చుక్కల దుప్పిదీ కణితిదీ ఒకలాగే ఉంటాయి, కణితిది పెద్దది. బళ్లో పనిచేసిన రోజుల్లో పిల్లల్ని ఇట్టా కూర్చోబెట్టేవాణ్ణి. అల్లరివాళ్లు అనుకున్నవాళ్లే ఎక్కువ చప్పుళ్లు రాసేవాళ్లు. ఫోన్లు మీ ఇద్దరివీ సంచీలో ఉండాలి. మీరు తీస్తే వాళ్లూ అడుగుతారు. అడవిలో పాటల పెట్టె మోగించే గుంపులు తప్పకుండా తగులుతాయి, వాళ్లతో వాదన పెట్టుకోకుండా ఇంకొంచెం ముందుకి నడవండి. అందుకే పొద్దున్నే చేరమన్నది. పదిన్నర దాకా ఆ దారి మీదే.

నీళ్ల దగ్గర మాత్రం నా మాట జవదాటొద్దు. బోర్డు పెట్టిన చోట దాటి పోవద్దు, గుండంలోకి దూకేవాళ్లని చూసి అల్లుడు ఉత్సాహపడొద్దు. పాచి పట్టిన బండలు అవి, జారితే ఆపుకోవడం ఉండదు. కింద ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. నీళ్ల రంగు మారిందంటే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే, ఫోటో సంగతి మరిచి ఒడ్డుకి వచ్చెయ్యండి.

మధ్యాహ్నం తిని ఒక కునుకు తియ్యండి. నవ్వొద్దు, నిజంగానే. చెట్లమధ్య కట్టిన తాడు వంతెన ఎక్కిస్తామంటే ఎక్కించండి, పిల్లలకి అదొక సరదా. ఆపైన మూడున్నరకల్లా బండిలో ఉండాలి.

తిండి సంగతి మీ అత్త చూసుకుంటానంది. తిరుపతి దాకా నిలవుండేట్టు పులిహోర కట్టిస్తుంది, మరునాటికి గదిలో తోడేసుకోవడానికి పాలు పెరుగు మాత్రం మీరే చూసుకోవాలి. చిప్సు పొట్లాల చప్పుడు కోతులకి మన పేరు పెట్టి పిలిచినట్టే వినబడుతుంది. స్టీలు డబ్బాలో పెట్టి సంచీలో అడుగున దాచండి. నీళ్లకి స్టీలు సీసాలు తెచ్చుకోండి, తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఎటూ పనికిరావు. చెత్త మోసుకొచ్చే సంచి ఒకటి విడిగా. జనవరి తెల్లవారుజామున అక్కడ చలేస్తుంది. మన కోవూరు వాళ్లకి స్వెట్టరంటే నవ్వులాట, బెంగళూరువి మీ దగ్గర ఉంటాయి కాబట్టి మీ అమ్మకీ ఒకటి తీసుకురా. ఆమె వద్దంటుంది, తెచ్చి పెట్టు.

మూడో రోజు కొండ. దర్శనం టికెట్టు నీ చేతిలో ఉంటేనే ఈ రోజుకి ఒక ఆకారం వస్తుంది. 300 రూపాయల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో అయిపోతాయి, వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు సంక్రాంతికి దగ్గరగా వచ్చిన ఏడాది జనం మామూలుగా ఉండరు. తేదీలు చూసుకుని పెట్టుకో. టికెట్టు మధ్యాహ్నానికి దొరికితే అదృష్టం, పొద్దుటి వేళంతా మీదే.

నడిచి ఎక్కుతామని రాశావు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, దూరం తక్కువ, కానీ నిలువుగా ఉంటుంది. పెద్దదానితో అలిపిరే మేలు. కష్టం ఎక్కువగా గాలిగోపురం దాకా, ఆ తర్వాత చాలా దూరం అడవి మధ్య చదునుగా నడవొచ్చు, దారిలో జింకలు కూడా కనబడతాయి. పొద్దున వెలుగొచ్చాక మొదలుపెట్టండి. 2023 ఆగస్టులో ఆ దారిలోనే మన జిల్లా బిడ్డ ఒకతె, అమ్మానాన్నలతో నడుస్తూ నాలుగడుగులు ముందుకి పోయింది, చిరుత ఎత్తుకుపోయింది. ఆ వార్త వచ్చిన రోజు మన ఊళ్లో చాలా ఇళ్లల్లో పొయ్యి వెలగలేదు. తర్వాత దేవస్థానం వాళ్లు మధ్యాహ్నం 2 గంటలు దాటితే చిన్నపిల్లల్ని నడకదారిలోకి వదలకూడదని కట్టడి పెట్టారు, జనాన్ని గుంపులుగా పంపారు, చేతికర్రలిచ్చారు. ఇప్పుడు ఏ వయసువాళ్లకి ఏ వేళ దాకా వదులుతున్నారో పోయేముందు కనుక్కో. కట్టడి లేకపోయినా సరే, పెద్దదాని చెయ్యి మీ ఇద్దరిలో ఒకరి చేతిలో ఉండాలి. నిలబడ్డా, కూర్చున్నా, మిఠాయి కొన్నా. చిన్నోడూ మీ అమ్మా బస్సులో వస్తారు, ఆ మాటకి తిరుగులేదు.

వాళ్లు బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చోమని చెప్పు. ఘాట్ రోడ్డులో నిట్టనిలువు కొండచరియ ఒకటుంది. కింద ఒక రకం రాయి, పైన ఇంకో రకం రాయి, రెంటి మధ్య గీత గీసినట్టు కనబడుతుంది. కింది రాయికీ పైదానికీ మధ్య 80 కోట్ల ఏళ్ల తేడా ఉందని భూగర్భ శాస్త్రం వాళ్లు చెప్పి, దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించారు. బండి ఆపనివ్వరు, ఆపకూడదు కూడా. మీ అమ్మకి ముందే చెప్పి పెడితే చిన్నోడికి చూపిస్తుంది. చక్రతీర్థం దగ్గర శిలాతోరణమూ ఆ రాతి కుటుంబానిదే, సుమారు 8 మీటర్ల వెడల్పున దానంతట అది ఏర్పడిన తోరణం. దర్శనం అయ్యాక ఓపికుంటే పోండి. పాపవినాశనం కొట్టెయ్యొచ్చు.

తుంబురు తీర్థం పోవాలని మూలన చిన్న అక్షరాల్లో రాశావు, చూశాను. అది ఫాల్గుణ పౌర్ణమికి, కుమారధార మాఘ పౌర్ణమికి, రామకృష్ణ తీర్థం పుష్య పౌర్ణమికి. ఆ ముక్కోటి రోజుల్లో వేలమంది కలిసి అడవిలో నడుస్తారు, దారి పొడవునా సిబ్బంది ఉంటారు. మిగతా రోజుల్లో ఎవడో తెలిసినవాడున్నాడని దొంగదారిన పోవద్దు. 2025లో శివరాత్రికి ముందు గుండాలకోన అడవిలో చీకటివేళ కాలినడకన పోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. జాతీయ పార్కు అంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పశువుల్ని మేపుకోవడానికి కూడా వీల్లేని చోటు, మనం పోవడమే అటవీశాఖ వాళ్లు ఇచ్చిన వెసులుబాటు. పిల్లలు పెద్దయ్యాక ఒక ఫాల్గుణంలో తుంబురు పోదువు గానీ.

ఇక జూ. చిన్నోడు ఏడుస్తాడంటావు. తిరుపతి జూ 1987 నాటిది, వెయ్యి హెక్టార్లకి పైగా ఉంటుంది, బాగుంటుంది, నేను కాదనను. కానీ అడవి చూసిన మరునాడే కంచె వెనక పులిని చూపిస్తే, నిన్న పావుగంట కూర్చుని విన్న చప్పుళ్లన్నీ వాడికి వెలవెలబోతాయి. మొదటి రోజు సాయంత్రం ఖాళీగా ఉంటే, అడవికి ముందు చూపించు. తర్వాత మాత్రం వద్దు.

నేలపట్టూ పులికాట్ ఈ ప్రయాణంలో వద్దేవద్దు. నాయుడుపేట దగ్గర మీరు ఇంటిదారి పట్టేసరికి పిల్లలు వెనక సీట్లో నిద్రపోతూ ఉంటారు, వాళ్లని లేపి దూరంలో తెల్లచుక్కలు చూపిస్తే ఎవరికి లాభం? ఇంటికొచ్చి ఒకరోజు ఆగి, ఇంకో తెల్లవారుజామున కోవూరు నుంచే పోదాం. నేలపట్టు చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు జనవరిలో పిల్లలకి మేత పెడుతుంటాయి. ఆ రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులు పిట్టల జోలికి ఎవర్నీ పోనివ్వరు. చూడ్డానికి ఒక పూట చాలు, నడక తక్కువ, మీ అమ్మా మీ అత్తా ఇద్దరూ వస్తారు. మైపాడుకి సాయంత్రం ఎప్పుడైనా పోవచ్చు, అది మన పెరడే.

చివరగా వాన. జనవరిలోనూ బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టొచ్చు. తుపాను రోజుల్లో తలకోన మూసేస్తారు, కొండదారులూ ఆపేస్తారు. బయల్దేరే ముందురోజు రాత్రి అటవీశాఖ వాళ్లకి ఒకసారి, నాకు ఒకసారి ఫోన్ చెయ్. మూసేశారంటే గది డబ్బులు పోయాయని ఏడవకుండా ఇక్కడే ఆగిపోండి. వాన తగ్గిన పొద్దున మన జిల్లాలోనే ఉన్న పెంచలకోన పోదాం. రాపూరు మీదుగా దారి, అదీ అభయారణ్యమే, కొండ కింద నరసింహస్వామి, గుడి పక్కన ఏరు, ఎండెక్కేలోపు వెనక్కి రావొచ్చు. దానికైతే నేనూ వస్తా. బండిలో ముందు సీటు నాకు ఉంచమని అల్లుడితో చెప్పు.

మీ మామ